భంగార్ బండిలో బంగారం

పుట్టింటికి వెళ్లిన ఆడపిల్ల తిరిగి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకుంటుంది? చీర, రవికెగుడ్డ, పసుపు కుంకుమ, మహా అయితే ఓ పచ్చడి సీసా. నేను మాత్రం కిందటి దీపావళికి బల్లార్‌పూర్ నుంచి ఒక సొట్టపడ్డ ఇత్తడి మానిక, కాలు విరిగిన టేకుపీట, పధ్నాలుగు పాత ‘చాందోబా’ పుస్తకాలు తెచ్చుకున్నాను. నాగపూర్ స్టేషనుకు వచ్చిన మావారు ఆ మూటల వంక చూసి, “మీ అన్నయ్య సారె పెట్టాడా, ఇల్లు ఖాళీ చేశాడా?” అన్నారు. మూట ఎత్తుకుంటున్న కూలీకి తెలుగు రాకపోయినా ఆ మాట అర్థమైనట్టే నవ్వాడు.

ఆయన ఎగతాళికేం గానీ, ఈ పిచ్చి నాకు ఇవాళ్టిది కాదు. న్యూజెర్సీలో ఉంటున్న మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా అక్కడి ‘యార్డ్ సేల్’ కబుర్లు చెబుతుంది. శనివారం పొద్దున్నే కార్లు వేసుకుని బయల్దేరతారట. ఇళ్ల ముందు గడ్డి మీద బల్లలు వేసి, అక్కర్లేని సామానంతా పరిచి, ధరల చీటీలు అతికించి అమ్ముకుంటారట. సెలవులకు వేరే ఊరు వెళ్లినా ఆ ఊళ్లో యార్డ్ సేల్ ఎక్కడుందో వెతుక్కుంటారట. “మన బల్లార్‌పూర్‌లో ఇలాంటివి ఎక్కడివే అక్కా!” అంటుంది జాలిగా.

ఎందుకు లేవు? అక్కడ కొనేవాళ్లు ఇల్లిల్లూ తిరగాలి. మన దగ్గర ఆ శ్రమ లేదు. కొనేవాడే తోపుడుబండి తోసుకుంటూ గుమ్మం ముందుకొస్తాడు. “భంగార్... రద్దీ... భంగార్...” అని వీధి మొగలో కేక వినిపిస్తుంది. మరాఠీలో భంగార్ అంటే తుక్కు సామాను. చిన్నప్పుడు నాకది ‘బంగారం’ అనే వినిపించేది. ఇంత బంగారాన్ని బండిలో వేసుకుని ఎండలో తిరుగుతున్నాడే పాపం అనుకునేదాన్ని! ఇప్పుడు ఆలోచిస్తే నేను పూర్తిగా పొరబడలేదేమో అనిపిస్తోంది.

ఊరి సంగతి కాస్త

బల్లార్‌పూర్ తెలియదనుకునేవాళ్లలో చాలామంది మా ఊరి మీదుగా వెళ్లే ఉంటారు. హైదరాబాదు వైపు నుంచి ఢిల్లీ వెళ్లే బళ్లు కాగజ్‌నగర్ దాటి, వార్ధా నది వంతెన దిగి ఆగుతాయే, ఆ స్టేషను మాదే. బోర్డు మీద ‘బల్హార్షా’ అని ఉంటుంది. ఊరిపేరు మాత్రం బల్లార్‌పూర్. గోండు రాజు ఖాండ్క్యా బల్లాళ్ షా పేరున వెలసిన ఊరు. నది ఒడ్డున పాతకోట ఇప్పటికీ ఉంది. కాజీపేట నుంచి ఇక్కడికి రైలుమార్గం 1929లో పూర్తయింది. మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి ఏర్పడింది ఆ తరువాతనే. 2018లో దేశంలో అందమైన స్టేషన్ల పోటీ పెడితే, తాడోబా పులుల బొమ్మలు గోడల నిండా వేయించుకున్న మా బల్హార్షా, పక్కనున్న చంద్రాపూర్ కలిసి మొదటి బహుమతి కొట్టేశాయి. ఆ మాత్రం గొప్ప చెప్పుకోనివ్వండి మరి!

రైలు వచ్చాక, 1945లో లాలా కరంచంద్ థాపర్ కాగితపు మిల్లు కంపెనీ పెట్టారు. పక్కనే వెదురు అడవులు, బొగ్గు గనులు, నీళ్లకు నది ఉండనే ఉన్నాయి. పని వెతుక్కుంటూ తెలుగువాళ్లు, హిందీవాళ్లు, బెంగాలీలు వచ్చి చేరారు. మా నాన్న కరీంనగర్ జిల్లా నుంచి ఒక ట్రంకుపెట్టె, ఒక ఇత్తడిబిందె, మా అమ్మతో వచ్చి మిల్లులో చేరాడు. మా వీధిలో ప్రతి ఇంటి కథా ఇంచుమించు ఇంతే. ఎవరి ఊరి సామాను వాళ్లు తెచ్చుకున్నారు. అందుకే మా ఊరి తుక్కుకొట్లో దొరికేది ఒక్క ఊరి సామాను కాదు. ఆరేడు జిల్లాల అటకలు అక్కడ ఒక్కచోట బోర్లిస్తారన్న మాట.

నది దాటితే రాజురా. అది 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న తాలూకా. అందుకని ఆ వైపు పాత ఇళ్లలో ఇప్పటికీ హాలీ సిక్కా రూపాయలు కనిపిస్తాయి. ఒక పక్క చార్మినార్ బొమ్మ ఉంటుంది. చివరి నిజాం నాణెమైతే చార్మినార్ ద్వారం మధ్యలో ఆయన పేరులోని మొదటి ఉర్దూ అక్షరం ‘ఐన్’ చిన్నగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు సర్కారు రూపాయలు వచ్చేవి. మా పక్కింటి ఆజీ పుట్టిల్లు రాజురా. ఆమె కొంగుముడిలో అలాంటి రూపాయి ఒకటి ఉంది. ఎంత బతిమాలినా అమ్మలేదు. “నది దాటి కాపురానికి వస్తుంటే మా నాన్న చేతిలో పెట్టాడు. ఇది ఇక్కడ చెల్లదని తెలిసే పెట్టాడు. ఖర్చుపెట్టకుండా ఉంటానని!” అంది. ఇక నేనేం అడుగుతాను?

మానిక, అధోలీ

వేసవి సెలవులకు మా ఊరు రమ్మని ఎవరికీ చెప్పను. చంద్రాపూర్ ఎండలు దేశమంతటా పేరు మోసినవి. పాత సామాన్ల వేటకు మంచి కాలం దీపావళికి ముందు పది పన్నెండు రోజులు. మహారాష్ట్రలో ఆ రోజుల్లో ఇల్లు దులపని గృహిణి ఉండదు. అటకలు దిగుతాయి, పెట్టెలు తెరుచుకుంటాయి. పిల్లలకు సెలవులు, పెద్దలకు ఆవేశం! “ఇది ఎందుకు, అది ఎందుకు” అంటూ అన్నీ వాకిట్లోకి వస్తాయి. పాతచీరలు స్టీలు గిన్నెలావిడకు పోతే, మిగతావి భంగార్ బండికి.

మా అన్నయ్యవాళ్ల ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న తుక్కుకొట్టు యజమాని నాకు పదేళ్లుగా తెలుసు. నన్ను చూడగానే “దీదీ వచ్చింది, దీపావళి వచ్చింది” అంటాడు. ఆయన లెక్కంతా కాటా మీదే. ఇనుము ఒక ధర, ఇత్తడి ఒక ధర, కాగితం ఒక ధర. తాతలనాటిదా, నిన్నటిదా అన్న తేడా లేదు. మొదట్లో నాకది అన్యాయంగా తోచేది. తరువాత తెలిసింది, నాలాంటి మధ్యతరగతి వాళ్లకు అదే వరమని.

ఆ మానిక అక్కడ దొరికిందే. నల్లగా మసిబారి, పాత పంపు విడిభాగాల మధ్య పడి ఉంది. ఇంటికి తెచ్చి చింతపండు, ఉప్పు వేసి తోమేసరికి తళతళలాడింది. మా వదిన దాన్ని చూసి, “ఇది మానిక” అంది. అప్పుడే వచ్చిన ఆజీ “కాదు, ఇది శేరు” అంది. ఇద్దరూ నిమిషాల్లో వాదనలోకి దిగారు. మనకు రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. వాళ్లకు రెండు శేర్లు అధోలీ, రెండు అధోలీలు పాయలీ. చివరికి బియ్యం తెచ్చి కొలిచి చూశారు గానీ ఎవరూ ఓడలేదు. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాక ఈ లెక్కలన్నీ పిల్లల పుస్తకాల్లోంచి పోయాయి. మా అన్నయ్య కొడుకు అంతసేపూ నోరు తెరుచుకుని విన్నాడు. వాడికి అడ్డ అంటే ఆటో అడ్డాయే తెలుసు!

ఇత్తడి కొనేవాళ్లకు ఒక్క జాగ్రత్త. పాత్రను అలంకారానికి కాకుండా వంటకు వాడదలిస్తే లోపల కళాయి వేయించక తప్పదు. నవాసారంతో శుభ్రం చేసి, కాక మీద తగరం పూసే కళాయివాళ్లు ఇప్పుడు తక్కువైపోయారు. వాళ్లు దొరికేదాకా ఆ గిన్నెలో చారు, పులుసు వద్దు. పులుపు తగిలితే చిలుమొస్తుంది, ఒంటికి మంచిది కాదు.

క్వార్టరు ఖాళీ చేసే రోజు

అసలైన ‘యార్డ్ సేల్’ మా ఊళ్లో ఇంకొకటుంది. ఎవరైనా రిటైరై క్వార్టరు ఖాళీ చేసి సొంతూరుకు వెళ్లిపోయే ముందు, లారీలో పట్టని సామాను వరండాలో పెడతారు. చీటీలుండవు, ధరలుండవు. ఇరుగుపొరుగు వస్తారు, “ఇది నేను తీసుకోనా వదినా?” అంటారు, తోచింది చేతిలో పెడతారు. ఇచ్చేవాళ్ల కళ్లలో నీళ్లు, పుచ్చుకునేవాళ్లకు మొహమాటం. అమెరికాలో బేరాలాడతారట. మా వరండాల్లో ఎవరూ బేరమాడగా నేను చూడలేదు.

అక్కడ చూడవలసింది కర్రసామాను. హైదరాబాదు వడ్రంగులు కూడా ‘బల్లార్షా టేకు’ అంటే మర్యాదగా మాట్లాడతారు. ఆలాపల్లి అడవుల టేకు మా ఊరి డిపోకు వచ్చి వేలమవుతుంది. 2023 మార్చిలో అయోధ్య రామాలయానికి టేకుదుంగలు ఊరేగింపుగా వెళ్లింది కూడా మా ఊరి నుంచే. అలాంటి ఊళ్లో యాభైఏళ్ల కిందట చేయించిన కుర్చీలు, పీటలు, ఉట్టిపెట్టెలు ఇప్పుడు “బరువు, పాతవి” అని పారేస్తున్నారు. పైన రంగు వేసి ఉంటే మోసపోకండి. అడుగుభాగంలో గోటితోనో, చాకుమొనతోనో కొంచెం గీకండి. టేకైతే నూనె పట్టిన తోలు వాసనలాంటిది వస్తుంది. లోపల బంగారు గోధుమ రంగు, దాంట్లో ముదురు చారలు కనిపిస్తాయి. నా కాలువిరిగిన పీట అలాగే దొరికింది. కాలు అతికించడానికి నాగపూర్ వడ్రంగి అడిగిన డబ్బు పీట ఖరీదుకు నాలుగింతలు. ఈ మాట మావారికి ఇంకా చెప్పలేదు. ఈ పత్రిక మా ఇంటికీ వస్తుంది కాబట్టి ఇక తెలిసిపోతుంది.

నేను మోసపోయిన కథ

అన్నీ విజయాలే చెబితే మీరు నమ్మరు. ఒకసారి ఓ పెద్ద నగరంలో, పాత సామాన్ల బజారులో, ఇత్తడి బాకా ఉన్న గ్రామఫోను చూసి మనసు పారేసుకున్నాను. బాకా పక్కన కుక్కబొమ్మ బిళ్ల. అమ్మేవాడు “జమీందారు ఇంటిది” అన్నాడు. నెలజీతంలో సగం పోసి తెచ్చాను. తెలిసినాయన విప్పి చూసి, “అమ్మా, పెట్టె కొత్తది, బాకా కొత్తది, కుక్క కూడా కొత్తదే” అన్నారు. అలా తయారుచేసి, ఆమ్లంతో మసి పట్టించి అమ్ముతారట. బాకా రేకు మరీ పలచగా ఉన్నా, మరలన్నీ ఒకే తళుకుతో ఉన్నా అనుమానించాలట. ఇప్పుడు అది మా హాల్లో పూలకుండీకి ఆసరాగా ఉంది.

నిజమైనవి బొమ్మల్లా ఉండవు, వాడినట్టు ఉంటాయి. క్వార్టరు వరండాలో ఓ పెద్దాయన నాకు ఘంటసాల పాడిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పాత లక్కరికార్డు ఇచ్చారు. అంచున పగులు. “మోగదమ్మా, అయినా పారేయ చేతకాలేదు” అన్నారు. ఆ డెబ్బయ్యెనిమిది చుట్ల రికార్డుల గాడి వెడల్పుగా ఉంటుంది. మామూలు ఎల్పీ ముల్లుతో వాటిని వాయించకూడదు. పాడవుతాయి. మీ ఇంట్లో ఉంటే ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకుండా నిలబెట్టి దాచండి.

ఇంకో మాట. మా చెల్లెలిలాంటి వాళ్లు “అక్కా, ఏదైనా పాత విగ్రహం దొరికితే పంపవే” అంటుంటారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువులు, డెబ్బయ్యయిదేళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని సొంతంగా దేశం దాటించడం నేరం. అనుమానం ఉన్న వస్తువైతే, అది పురావస్తువు కాదని పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. చెల్లెలికి నేను మానిక ఫొటో పంపి సరిపెట్టాను.

చందమామ ఇంటి చుట్టం

ఆ పధ్నాలుగు ‘చాందోబా’ల సంగతి చెప్పనేలేదు కదూ? అన్నయ్యవాళ్ల ఎదురింటి మరాఠీ వహినీ వాటిని రద్దీలో వేయబోతుంటే అడ్డం వెళ్లాను. “మీకెందుకు? ఇవి మా మరాఠీ పుస్తకాలు” అంది. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గారలు తెలుగులో, తమిళంలో ‘చందమామ’ మొదలుపెట్టారనీ, దాని మరాఠీ రూపమే 1952లో వచ్చిన చాందోబా అనీ చెబితే నమ్మలేదు. నేను మా అన్నయ్య దాచుకున్న తెలుగు చందమామలు తెచ్చి పక్కన పెట్టాను. భుజాన శవంతో, చేత కత్తితో శంకర్ గీసిన అదే విక్రమార్కుడు! అటు వేతాళ్, ఇటు బేతాళుడు. ఆవిడ నవ్వి, “అయితే చిన్నప్పుడు మనిద్దరం ఒకే కథ చదివి నిద్రపోయాం” అంది. డబ్బు తీసుకోలేదు. నేను సకినాలు పంపాను. ఆ కథలకు రూపమిచ్చిన కొడవటిగంటి కుటుంబరావు గారు 1980లో పోయారు. పత్రిక కూడా ఆగిపోయింది. ఆ సంచికలు మాత్రం రెండు భాషల ఇళ్ల అటకల మీద ఇంకా ఉన్నాయి. పారేయకండి.

పదిహేను రూపాయల పుస్తకం

ఇంతవరకు చెప్పినవన్నీ సరదాకి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇది.

నరకచతుర్దశికి రెండు రోజుల ముందు తుక్కుకొట్లో రద్దీ కట్టలు చూస్తున్నాను. పదోతరగతి గైడ్ల మధ్య గుడ్డఅట్ట వేసిన లావుపాటి నోటుపుస్తకం ఒకటి కనిపించింది. తెరిస్తే పైన ‘శ్రీరామ’. కింద గుండ్రటి తెలుగు అక్షరాలు. పదాల మధ్య ఖాళీ లేకుండా, మాట్లాడినట్టే రాసుకున్న రాత. బతుకమ్మ పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు. మధ్య మధ్య కిరసనాయిలు లెక్క, సర్వపిండి కొలతలు, కాజీపేట దాకా రైలుఖర్చు. కాటా మీద పెట్టి, “పదిహేను ఇవ్వండి దీదీ” అన్నాడాయన.

ఇంటికి తెచ్చి వరండాలో కూర్చుని పేజీలు తిప్పుతున్నాను. ఒకచోట ఆడవాళ్ల చిట్టీ లెక్క ఉంది. 1978, తలా పది రూపాయలు. పన్నెండు పేర్లు. ఏడో పేరు మా అమ్మది.

మా అమ్మ పోయి పదకొండేళ్లు. ఆమెకు రాయడం రాదు. కాబట్టి ఆమె చేతిరాత మా ఇంట్లో ఎక్కడా లేదు. ఇంకొకరి చేతిరాతలో ఆమె పేరు, పక్కన ‘ముట్టినయి’ అన్న మాట, దాని పక్కన చిన్న చుక్క. ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

ఆ చిట్టీ ఎవరు నడిపారో మా వదినకు తెలుసు. అత్తగారి నోట విన్నదే. “వెనక వీధిల పెద్దమ్మ. ఆమె కొడుకింట్ల పెండ్లి ఉన్నది, ఇల్లు సున్నాలు వేయిస్తున్నరు. అటక దించినప్పుడు పోయి ఉంటది” అంది. తరువాత నా మొహం చూసి, “ఇచ్చి రావాలె మరి” అంది.

నాకు ఇవ్వాలని లేదు. ఉన్నమాట చెప్పాలి కదా. డబ్బిచ్చి కొన్నాను, దొంగిలించలేదు. పారేసుకున్నది వాళ్లు. పైగా అందులో మా అమ్మ ఉంది. ఆ ఇంట్లో ఇప్పుడు తెలుగు చదవగలిగిన వాళ్లు ఎవరూ లేరట. కొడుకు మరాఠీ బడిలో చదివాడు, కోడలు మరాఠీ అమ్మాయి. వాళ్లకిస్తే మళ్లీ అటకెక్కుతుంది, మళ్లీ బండెక్కుతుంది. ఇదంతా వదినతో రాత్రి పొద్దుపోయేదాకా వాదించాను. వదిన విని విని, “చూడు పిల్లా, అత్తమ్మ పేరు అండ్ల ఒక్క వరుసల ఉన్నది. వాళ్ల ఇల్లు ఇల్లంత అండ్ల ఉన్నది” అని దుప్పటి కప్పుకుంది.

పొద్దున్నే ఇద్దరం వెళ్లాం.

పెద్దమ్మ కొడుకు రిటైరై రెండేళ్లయింది. పుస్తకం చూసి, “ఇదా? అమ్మ ఏవో లెక్కలు రాసుకునేది అనుకున్న” అన్నాడు. తెలుగు చక్కగా మాట్లాడతాడు, అక్షరం రాదు. ఆయన కూతురు పుణేలో ఉద్యోగం, తమ్ముడి పెళ్లికి వచ్చింది. “ఇందులో ఏముంది?” అని మరాఠీలో అడిగింది. చదివి చెబుతానన్నాను.

ముందు ఒక బతుకమ్మ పాట తీశాను. ఆ కలిసిపోయిన అక్షరాలు విడదీసుకోలేక రెండో వరుసలో ఆగిపోయాను. ఆయన కళ్లు మూసుకుని తరువాతి మాట అందించాడు. ఆ తరువాతి వరుస కూడా. అలా పాట చివరిదాకా ఆయనే చెప్పుకుపోయాడు. నేను అక్షరాలు సరిచూసుకోవడమే. ఒక్క మాట తేడా లేదు. చదవడం రాని ఆ మనిషి లోపల ఆ పుస్తకమంతా ఉంది! ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడి, “ముప్ఫయ్యయిదేళ్లలో ఈయన పాడగా నేను వినలేదు” అంది.

పుస్తకం మధ్యలో ఒక పేజీలో పెనిమిటి పోయిన తేదీ ఉంది. కింద ఇంకేమీ లేదు. తరువాత నాలుగు పేజీలు ఖాళీ. ఆ తరువాత పాట లేదు, లెక్క లేదు. 12-8-1991 సోమవారం, ప్రజోత్పత్తి శ్రావణం, పుబ్బ నక్షత్రం, పొద్దున మిల్లు కూతప్పుడు మనుమరాలు పుట్టింది అని ఉంది. పిల్ల బొద్దుగా ఉందనీ, చూసేందుకు తాత లేడనీ రాసుకుంది. దాని కిందనుంచి మళ్లీ పాటలు మొదలయ్యాయి.

ఆ అమ్మాయికి మరాఠీలో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “నా పేరు ఎక్కడుంది?” అని అడిగింది. పేరు ఇంకా పెట్టలేదు, ‘మనుమరాలు’ అని ఉంది అన్నాను. వేలు పట్టుకుని ఒక్కో అక్షరం చూపించాను. మ, ను, మ, రా, లు. ఐదు అక్షరాలూ రెండుసార్లు చదివింది.

నేను మా అమ్మ పేరున్న పేజీని ఫోనులో ఫొటో తీసుకుని, పుస్తకం అక్కడే పెట్టి వచ్చాను. పదిహేను రూపాయలు ఇవ్వబోయారు. వదిన నాకంటే ముందే వద్దంది.

చివరగా మీతో ఒక మాట

సంక్రాంతికి మా ఇంటికి రిజిస్టర్ పోస్టులో ఒక పొట్లం వచ్చింది. ఆ పుస్తకం మొత్తానికి జెరాక్సు తీయించి, బైండు చేయించి పంపింది ఆ అమ్మాయి. పాటలన్నీ వాళ్ల నాన్న చేత పాడించి ఫోనులో రికార్డు చేస్తోందట. అట్ట లోపల తెలుగులో ఒకే ఒక మాట రాసింది. ‘మనుమరలు’. దీర్ఘం మరిచిపోయింది. నేను దిద్దలేదు.

మనలాంటి బయటి ఊళ్ల తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు పోయాక మిగిలే కాగితాలు చాలావరకు ఇలాంటివే. పిల్లలకు చదవడం రాదు, ‘ఏవో లెక్కలు’ అనుకుంటారు. తప్పు వాళ్లది కాదు. అందుకని నాదొక విన్నపం. ఈ దీపావళికి అటక దులిపేటప్పుడు, తెలుగు అక్షరం ఉన్న కాగితం ఏది కనిపించినా బండివాణ్ణి పిలవకముందు, చదవడం వచ్చిన ఒక్కరికి చూపించండి. పక్కవీధిలో ఉంటారు, మన సంఘంలో ఉంటారు. ఎవరూ దొరక్కపోతే సంపాదకుల వారి ద్వారా నాకు కబురు పెట్టండి, చదివి చెబుతాను. రాసినవాళ్ల పేరు, ఊరు, సంవత్సరం వెనక పేజీలో పెన్సిలుతో రాసిపెట్టండి. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టకండి, చెమ్మ పడుతుంది. గుడ్డలో చుట్టి, రెండు వేపాకులు వేస్తే చాలు.

ఆ జెరాక్సు పుస్తకాన్ని మావారు రాత్రి రెండు గంటలు కూర్చుని చదివారు. సర్వపిండి కొలతల దగ్గర ఆగి, “ఇందులో నువ్వులు నువ్వు వేసేదానికి రెండింతలున్నాయే!” అన్నారు. మర్నాడు పొద్దున్నే ఆ లెక్క ప్రకారమే చేశాను. నిజం చెప్పొద్దూ, పెద్దమ్మ కొలతే బాగుంది.